చుట్ట మానిన తరువాత వచ్చే దగ్గు

భోజనాలు ముగించి, అరుగు మీద చేరి చుట్ట ముట్టించే వేళకు నేను ఈ సంగతి ఎత్తుకోవడం కొందరికి కష్టంగానే తోచవచ్చు. ముట్టించినవారు కాలుస్తూనే వినండి.

మా మేనమామగారు నలభై ఏళ్లుగా కాలుస్తున్న చుట్టను పోయిన ఏడు మానివేసినారు. చేలోనుంచి గట్టెక్కేసరికి ఆయాసం వస్తున్నదని మానినారు. మొదటి మూడు రోజులు ఒకటే చిరాకు, నిద్ర పట్టదు. అది ఎలాగో దాటినారు. రెండవ వారంలో దగ్గు పట్టుకున్నది. తెల్లవారి లేస్తే కఫమే కఫం. అత్తయ్య భయపడి, "చుట్ట ఉన్నన్నాళ్లూ ఇంత దగ్గు లేదండీ. పోనీ, పొద్దున ఒక్కటి కాల్చరాదూ, కఫం తెగుతుంది" అన్నది. మానినవారిలో ఎందరో తిరిగి మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడనే.

ఊపిరితిత్తులకు గాలి పోయే గొట్టాల లోపలి గోడలకు, కంటికి ఆనని సన్నని నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్లు అది ఎడతెగక ఊగుతూ దుమ్మును, కఫాన్ని గొంతువైపు నెట్టుతుంది. పొగ తగిలిన కొద్దీ ఆ నూగు చచ్చుబడి, కఫం లోపలనే నిలిచిపోతుంది. పొగ ఆపితే నూగు మళ్లీ పుంజుకొని పనిలోకి దిగుతుంది. పూడిక తీసిన కాలువలో ముందు వచ్చేది బురదనీరే కదా! ఆ దగ్గు కొందరికి కొన్ని వారాలు, కొందరికి నెలల తరబడి ఉండి తగ్గుతుంది. ఆ సమయంలో ఒక్క చుట్ట కాలిస్తే దగ్గు అణగినట్లే ఉంటుంది. అణగినది దగ్గు కాదు, నూగు.

అయితే దగ్గునంతటినీ దీనికిందే జమ కట్టరాదు. రెండు వారాలు దాటినా, రక్తపు జీర కనిపించినా, జ్వరం తగిలినా, మనిషి చిక్కిపోతున్నా ప్రభుత్వ ఆసుపత్రికి పోయి కఫం పరీక్ష చేయించుకోవలెను. క్షయకు పరీక్ష, మందులు అక్కడ ఉచితం. మామయ్యగారికీ చేయించినాము, క్షయ లేదన్నారు.

ఇక పోయినదంతా తిరిగి వస్తుందా? రాదు. నెత్తుటిలో చేరిన బొగ్గుపొగ విషం ఒకటి రెండు రోజులలో దిగిపోతుంది. గాని ఊపిరితిత్తులలో చిట్లిన గాలిబుడగలు మళ్లీ అతుకవు. మరి మాని ఏమి లాభమంటారా? వయసుతోపాటు ఊపిరి బలం అందరికీ కొంత తరుగుతుంది. పొగ పడనివారికి ఆ తరుగుడు మరింత వేగం. లండనులో పనిచేసే పురుషులను ఎనిమిదేళ్లు పరీక్షించి ఫ్లెచర్, పీటో అనే శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించినది ఇదే: మానినవారికి ఆ వేగం తగ్గి, ఎన్నడూ కాల్చనివారి తరుగుడుతో సమానమవుతుంది. గండి పూడిస్తే పోయిన నీరు రాదు, ఉన్న నీరు నిలుస్తుంది.

చుట్ట మీద యావ పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, లేచి పశువులకు మేత వేయండి. అగ్గిపెట్టె మొలలో పెట్టుకోకండి. నూర్పిళ్లలో ముక్కుకు తుండుగుడ్డ కట్టుకోండి.

మామయ్యగారికి దగ్గు నాలుగవ నెలకు తగ్గింది. ధాన్యం బస్తా ఇప్పటికీ ఎత్తలేరు. చెరువుగట్టు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నారు.