మౌస్ మొరాయిస్తే

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చిన తొలి మౌస్ ఒక చెక్క డబ్బా. అడుగున రెండు చక్రాలు, పైన ఒకే మీట. నేటి మౌస్‌లో చక్రాలకు బదులు చిన్న కెమెరా ఉంటుంది. అది బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, చెయ్యి ఎటు కదిలిందో లెక్కగడుతుంది.

అందుకే గాజు బల్లమీద బాణం గుర్తు తిక్కగా గెంతుతుంది. పోల్చడానికి అక్కడ గరుకేదీ? కింద ఓ కాగితం పరిస్తే చాలు. కెమెరా కంతలో వెంట్రుక చిక్కినా ఇదే తంతు.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే ముందు బ్యాటరీ మార్చాలి. తర్వాత కంప్యూటర్‌కు గుచ్చిన రిసీవర్ ఎక్కడుందో చూడాలి. యూఎస్‌బీ 3.0 పరికరాల రేడియో రొద ఇలాంటి మౌస్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. పక్కన పోర్టబుల్ డిస్క్ ఉంటే రిసీవర్‌ను దూరంగా మరో పోర్టులోకి మార్చాలి.

సెట్టింగులు సరిగ్గానే ఉన్నా ఒక్క నొక్కు రెండుగా పడుతోందా? లోపలి స్విచ్ అరిగినట్టే, తుడిస్తే పోదు.

కొనేటప్పుడు పెట్టె మీది భారీ డీపీఐ (కదలికను పట్టే సూక్ష్మత) అంకెలకు మురిసిపోనక్కర్లేదు. ఆఫీసు పనికి 1600 ధారాళం. అరచేతికి ఒదుగుతుందో లేదో దుకాణంలోనే పట్టుకు చూడాలి. ఎడమచేతి వాటంవారికి రెండువైపులా ఒకేలా ఉన్నదే నయం.