ఏం తిన్నావని కాదు, ఏం చూశావని అడగాలి

(స్త్రీల ఆరోగ్యంపై జరిగిన జిల్లా సదస్సులో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆరోగ్యం, తల్లుల హక్కులు అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. పన్నెండేళ్లుగా సంఘం పనిలో తిరుగుతున్నదాన్ని. వేరేవాళ్ల ఇళ్లలో జరిగిన అన్యాయాల గురించి ఇలాంటి సభల్లో చాలాసార్లు మాట్లాడాను. ఇవాళ నా ఇంట్లో జరిగింది చెప్తాను.

2019 వేసవిలో మా పాపకు రెండున్నరేళ్లు. ఒక సోమవారం సాయంత్రం ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది. మందు పోస్తే గంటసేపు తగ్గేది, మళ్లీ వచ్చేది. బుధవారం వీపు మీద, కడుపు మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. గురువారం రెండు కళ్లూ ఎర్రబడ్డాయి, కానీ పుసి లేదు. శుక్రవారం పెదాలు పగిలాయి, నాలుక మీద ఎర్రగా గింజల్లాగా తేలాయి. శనివారం కాళ్ల పట్టీలు బిగుసుకుపోయాయి. చూస్తే పాదాలు వాచి ఉన్నాయి. ఆదివారం స్నానం చేయిస్తుంటే తొడల సందులో చర్మం పొరలుగా ఊడి నా చేతికి వచ్చింది.

ఆ పొర చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఈ వారం రోజుల్లో ఇంట్లో, ఊళ్లో నన్ను అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. మా అత్త, "పిల్ల ఇంకా పాలు తాగుతున్నది, ఏం తిన్నవే నువ్వు? చేపల కూర తిన్నవా?" అన్నది. పక్కింటి పెద్దమ్మ అమ్మవారని చెప్పి వేపమండలు తెచ్చి పెట్టింది. ఆమె ప్రేమతోనే పెట్టింది, తప్పు పట్టను. మా ఆయన లారీ మీద నాగపూర్ లోడుకు పోయి ఉన్నాడు. "సంఘం సంఘం అని తిరిగితే పిల్లలకు గిట్లనే అయితది" అని ఫోన్లో అన్నాడు. ఊళ్లో ఆరెంపీ, వేడి చేసిందని రెండు ఇంజెక్షన్లు ఇచ్చాడు.

శనివారమే టౌనులో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఏ సబ్బు వాడుతున్నావు, కొత్తగా ఏం తినిపించావు అని అడిగాడు. పాప గౌను తీసి చూడలేదు. "సార్, మొన్న కళ్లు బాగా ఎర్రగా ఉండె" అని మొదలుపెట్టాను. "ఇప్పుడు లేవు కదమ్మా" అన్నాడు. పూత మందు, ఒక సీసా రాసిచ్చాడు. ఐదు నిమిషాలు కూడా కాలేదు. కలెక్టరాఫీసు ముందు మైకు పట్టుకుని మాట్లాడేదాన్ని, ఆ కుర్చీలో కూర్చుని "సరే సార్" అని లేచి వచ్చేశాను. ఆ "సరే సార్" ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మనకు మాటలు రాక కాదు. బిడ్డ జబ్బు పడితే తప్పు మనదే అన్న భావం ముందే మన గొంతు నొక్కేస్తుంది.

సోమవారం, అంటే ఎనిమిదో రోజు, హైదరాబాదు బస్సెక్కాను. పోయేముందు గోడ మీది క్యాలెండర్ కాగితం చింపి సంచిలో పెట్టుకున్నాను. మా ఇంట్లో పాలలెక్క దాని మీదే రాస్తాము. లీటరు, అరలీటరు అంకెల పక్కన ఆ వారమంతా జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు తగ్గింది, కళ్లు, పెదాలు, కాళ్లు అని పొడి మాటల్లో రాసి పెట్టాను. ఎందుకు రాశానంటే, రాత్రిళ్లు నిద్ర పట్టక.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. పాపను అంతా విప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "మొదటి రోజు నుంచి చెప్పండమ్మా, ముందు ఏం చూశారు?" అని అడిగింది. ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆ ప్రశ్న విన్నాను. క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చాను. చదివి, పెద్ద డాక్టరును పిలిచింది. సాయంత్రంలోగా గుండెకు ఎకో పరీక్ష చేశారు. జబ్బు పేరు కవాసాకి.

ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. నేనూ వినలేదు. తోమిసాకు కవాసాకి అనే జపాన్ పిల్లల డాక్టరు 1961లో నాలుగేళ్ల బాబులో దీన్ని మొదట గమనించాడు. ఆరేళ్లు ఓపికగా కేసులు కూడబెట్టి, 1967లో యాభై మంది పిల్లల గురించి రాశాడు. ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. కారణం ఇప్పటికీ తేలలేదు. తల్లి తిన్న తిండికి దీనితో ఏ సంబంధమూ లేదు. రక్తనాళాలు వాస్తాయి. సరైన వైద్యం అందకపోతే సుమారు నలుగురిలో ఒకరికి గుండెకు రక్తం ఇచ్చే నాళాలు దెబ్బతింటాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపల ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు నరం ద్వారా ఎక్కిస్తే ఆ ప్రమాదం నూటికి నాలుగైదుకు తగ్గుతుంది.

ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ జబ్బును తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. ఐదు రోజులు దాటిన జ్వరం, దానితోపాటు దద్దుర్లు, పుసి లేని ఎర్ర కళ్లు, పగిలిన పెదాలు, ఎర్రబారిన నాలుక, చేతులు కాళ్ల వాపు, మెడ దగ్గర గడ్డ. వీటిని కలిపి చూసి గుర్తుపట్టాలి. ఇవన్నీ ఒకే రోజు కనిపించవు. ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. డాక్టరు చూసేది ఒక్క రోజు. అన్ని రోజులూ చూసేది తల్లి. అంటే ఇక్కడ తల్లి చెప్పే మాటే పరీక్ష. "ఇప్పుడు లేవు కదమ్మా" అని ఆ మాటను తోసేసినప్పుడు ఆ డాక్టరు తోసేసింది రోగ నిర్ధారణనే.

మందు కిలో బరువుకు రెండు గ్రాముల లెక్క. మా పాప పదకొండు కిలోలు, ఇరవై రెండు గ్రాములు. వేల రూపాయల సీసాలు. నా పుస్తెలతాడు కుదువ పెట్టాను. డబ్బు కట్టాక కౌంటర్లో గుమాస్తా "పాప తండ్రి ఏడి? తండ్రి సంతకం కావాలె" అన్నాడు. ఆయన నాగపూర్ దారిలో ఉన్నాడు, ఫోన్ కలవదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం దాకా మందు ఫ్రిజ్‌లో, పాప మంచం మీద, నేను కౌంటర్ ముందు. చివరికి ఆ డాక్టరమ్మే వచ్చి గట్టిగా మాట్లాడి నా చేత సంతకం పెట్టించింది.

చట్టం చూడండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అంటుంది. ఐదేళ్ల లోపు బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే సెక్షన్ చెప్తుంది. అంటే చాకిరీ మనది, సంతకం ఆయనది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని చెప్పింది. ఆ తీర్పు వచ్చి ఇరవై ఏళ్లయినా మా ఆసుపత్రి కౌంటర్ దాకా చేరలేదు.

పది, పన్నెండు గంటలు మందు ఎక్కింది. మర్నాటికి జ్వరం దిగింది. "ఇంకో వారంలో వేళ్ల చివర్ల నుంచి తోలు ఊడుతుంది, భయపడకండి, ఈ జబ్బులో అది మామూలే" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాగే ఊడింది. మొదటిసారి పొర ఊడినప్పుడు నా ప్రాణం పోయింది. రెండోసారి పాప గోళ్ల దగ్గర పొరలు లేస్తుంటే నేను పక్కన కూర్చుని అన్నం కలుపుతున్నాను. తేడా చర్మంలో లేదు, నాకు తెలియడంలో ఉంది. రెండు నెలల తర్వాత ఎకోలో గుండె నాళాలు మామూలుగా ఉన్నాయన్నారు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. పిల్లల దద్దుర్లలో ఎక్కువ వాటంతటవే పోతాయి. చేతులకు, కాళ్లకు, నోట్లో పొక్కులొచ్చే వైరస్ జ్వరం తగ్గిన కొన్ని వారాలకు వేళ్ల తోలు ఊడవచ్చు, గోళ్లూ రాలవచ్చు, ప్రమాదం లేదు. కానీ పసిపిల్ల ఒళ్లు కాలినట్టు ఎర్రబడి చర్మం జారిపోతున్నా, మందు వేసుకున్నాక నోట్లో, కళ్లలో పుండ్లు పడినా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. పాదాలు వాచి, పాత సున్నం పెచ్చులూడినట్టు చర్మం ఊడే బిడ్డకు పూత మందు కాదు, ఆహారంతో వైద్యం కావాలి. ఆ జబ్బును క్వాషియోర్కర్ అంటారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? ఆఫ్రికాలో, ఇప్పటి ఘనాలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు అక్కడి గా భాష స్త్రీల నోట విన్న మాట అది. తర్వాతి కాన్పుతో తల్లి పాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని వాళ్లు చెప్పేవాళ్లు. 1935లో ఆమె ఆ మాటనే వైద్యశాస్త్రానికి ఇచ్చింది. తల్లుల మాట విన్న డాక్టర్లు లేకపోలేదు. విన్నవాళ్లకు జబ్బు దొరికింది.

అందుకని నేను అడిగేవి చిన్న విషయాలే. మన సంఘం సభ్యులు ప్రతి ఇంట్లో క్యాలెండర్ మీద బిడ్డ జ్వరం రోజులు రాయడం అలవాటు చేయించాలి. చదువు రాకపోతే గీతలు, చుక్కలు చాలు. మచ్చ పోకముందే ఎవరి ఫోన్లోనైనా ఫోటో తీయించాలి. డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు అడిగాకే లేవాలి: ఇది ఏమిటి? ఇంకేమైనా అయ్యే అవకాశం ఉందా? ఎప్పుడు మళ్లీ రావాలి? కాగితాలు అడగడానికి వెనకాడవద్దు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెప్తున్నాయి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ అక్కలు ఇంటికి వచ్చినప్పుడు "ఏం పెట్టినవ్?" అనే ముందు "ఏం చూసినవ్?" అని అడగాలి.

మా అత్త ఇప్పుడు ఊళ్లో ఏ బిడ్డకు జ్వరం వచ్చినా పోయి, "క్యాలెండర్ల రాసినవానే?" అని అడుగుతున్నది. ఆమెకు నేను క్షమాపణ చెప్పలేదు, ఆమె నాకు చెప్పలేదు. ఆ ప్రశ్న మారింది, అది చాలు.