దాటించే ధాతువు

(తెలుగు భాషా దినోత్సవం నాడు శ్రీ విజయపురంలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున సంస్కృత ధాతువు గురించి మాట్లాడతానంటే మా మేనేజరుగారు నవ్వారు. ఎంబీఏ చదివినవాడికి ధాతువులెందుకన్నారు. ఒక తప్పు చేశాను కాబట్టి అవసరమైంది. అదేమిటో చివర చెబుతాను.

పాణిని ధాతుపాఠంలో సుమారు 2,000 ధాతువులున్నాయి. వాటిలో ‘తౄ’ ఒకటి. తేలడం, దాటడం దాని అర్థాలు. ‘తరతి’ అంటే దాటుతున్నాడు. దీవిలో ఉండే మనకు ఇంతకంటే దగ్గర ధాతువు మరొకటి లేదు. దాటించే పడవ ‘తరణి’. దాటడానికి వీలైన రేవు ‘తీర్థం’. రేవు దగ్గర స్నానాలు, స్నానాల దగ్గర గుడి, గుడిలో అర్చకులు చేతిలో పోసే నీరు, ఆ గుడి చుట్టూ జరిగే సంత, అన్నీ తీర్థాలే అయ్యాయి. కోనసీమ ప్రభల తీర్థం చూసినవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. చదువును దాటించే గురువు కూడా తీర్థమే. అందుకే ఒకే గురువు దగ్గర చదివినవారు ‘సతీర్థ్యులు’.

ముందు ఉపసర్గ చేరితే దారి మారుతుంది. ‘అవ’ చేరితే కిందికి దిగడం, అవతారం. (చినిగిన చొక్కాతో ఇంటికొచ్చిన పిల్లవాడిని ‘ఏమిటా అవతారం’ అంటాం. పాపం, విష్ణుమూర్తికి ఆ సంగతి తెలియదు.) ‘ఉత్’ చేరితే నీటిలోంచి పైకి రావడం, ఉత్తీర్ణత. మన ప్రమోషన్ పరీక్షలు రాసినవారికి ఆ ఈత ఎలాంటిదో తెలుసు.

లాటిన్ ‘ట్రాన్స్’ కూడా ఈ కుటుంబానికి చెందినదేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మనం రోజూ చేసే ట్రాన్సాక్షన్‌లోనూ, నన్ను విజయనగరం నుంచి ఇక్కడికి పంపిన ట్రాన్స్‌ఫర్‌లోనూ దాటడమే ఉంది. ఆర్డరు చూసి మా నాన్నగారు, ఆయన రిటైరైన తెలుగు పండితులు, “చిన్నప్పుడు ధాతువు నేర్పాను, ఇప్పుడు దాటు” అన్నారు. తాను మాత్రం ఇంతవరకు ఓడ ఎక్కలేదు.

ఇక నా తప్పు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. వారి కోసం పెట్టిన ఒక సభకు బ్యానరు నేనే రాశాను: ‘రుణ వితరణ కార్యక్రమం’. ఆఫీసు కాగితాల్లో మనకు అలవాటైన మాటే. కానీ తెలుగులో వితరణ అంటే దానం. ‘వి’ చేరిన ‘తౄ’కు ఇచ్చివేయడం అనే అర్థం వచ్చింది. చదువుకున్న ఒక కుర్రాడు ఆ బ్యానరు చదివి, అప్పు దానంగా ఇస్తున్నారని ఒక ముసలమ్మకు చెప్పాడు. ఫారం మీద వేలిముద్ర వేయించినప్పుడు నేను కూడా విడమరచి చెప్పలేదు. నాలుగు వాయిదాలు ఆగిపోయాయి. నోటీసు అందుకుని ఆమె బ్రాంచికి వచ్చి వణికిపోతూ నిలబడింది. వల, పడవ తీసుకుపోతారనుకుంది. ఆ రోజు ఆమె ఎదురుగా కూర్చుని, ‘ఇది అప్పమ్మా, తీర్చాలి. కొంచెం కొంచెంగా తీర్చవచ్చు’ అన్నాను. ఆ ఒక్క మాట మొదటిరోజే అని ఉండాల్సింది.

ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి, తీరం, తీర్థం, తీర్చడం, అన్నీ ఒకటేనా అని అడిగాను. “కాదు. అప్పు తీర్చడంలో ఉన్న ‘తీరు’ మన ద్రావిడ ధాతువు. తమిళుల ‘తీర్’ దానికి తోబుట్టువు. సంస్కృతంలో ‘తీర’ అనే వేరే ధాతువుంది, దానికీ పని ముగించడమనే అర్థం. పోలిక చూసి చుట్టరికం కలపకు” అన్నారు. లోన్ల విషయంలో మనం పాటించే సూత్రమే ఇది.

మొన్న జూన్‌లో ఆమె చివరి వాయిదా కట్టింది. రసీదు కొంగున ముడివేసుకుంటూ, “అప్పు తీరిపోనాది బాబూ, ఒడ్డెక్కీసినాను” అంది. నాన్నగారికి చెబితే, “ఉత్తీర్ణతకు అంతకంటే మంచి తెలుగు నాకు రాదురా” అన్నారు.

ఈసారి సభకు కొత్త బ్యానరు రాయించాం. దాని మీద ‘అప్పులిచ్చే రోజు’ అని ఉంటుంది. కింద కొంచెం చిన్న అక్షరాల్లో, నెలనెలా ఎంత కట్టాలో.