పంచాయతీ బండికి డీజిలా, పెట్రోలా, గ్యాసా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ నిధులతో మోటారు బండి కొనవలెనని తీర్మానము వచ్చినప్పుడు సభలో మొట్టమొదట లేచు ప్రశ్న ఇంధనమును గూర్చినదే. డీజిలు బండి కొందుమా, పెట్రోలుదా, గ్యాసుదా అని వాదోపవాదములు జరుగును. మేము మనవి చేయునది ఒక్కటే. ఆ బండి ఏ పని చేయవలెనో ముందు తేల్చుకొనుడు. ఇంధనము సంగతి పిమ్మట సులభముగా తేలును.

గ్రామములో బండికి పని రెండు విధములు. ఉదయముననే వీధులు తిరిగి ఇంటింట చెత్త సేకరించుట ఒకటి. ఇందులో బరువు తక్కువ, దూరము తక్కువ. ప్రతి గుమ్మము వద్దను ఆగవలెను. వేసవిలో నీటి ట్యాంకరును లాగుట రెండవది. లీటరు నీరు ఒక కిలో తూగును. కావున 5,000 లీటర్ల ట్యాంకరులో నీరే 5 టన్నులు. ట్యాంకరు బరువు దానికి అదనము.

ఇట్టి బరువును లాగుటకు డీజిలు ఇంజనే తగినది. అందు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. గాలిని సుమారు 15 నుండి 20 రెట్లు నొక్కగా పుట్టిన వేడికే నూనె మండును. లీటరు డీజిలులో లీటరు పెట్రోలు కంటె వేడి పదవ వంతు ఎక్కువ. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నను లాగుడు గట్టిగా నుండును. మన ట్రాక్టర్లు డీజిలుతో నడచుటకు కారణమిదియే. తెలంగాణమున 2019, 2020 సంవత్సరములలో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చిన సంగతి మీరెరుగుదురు.

అయితే చెత్త బండికి ఈ గుణముతో అంత పని లేదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల ననుసరించి, చాలా డీజిలు వాహనములలో పొగగొట్టమునకు మసిని పట్టు వడపోత యుండును. బండి కొంతసేపు ఆగక నడచి, ఆ వడపోత బాగుగా వేడెక్కిననే మసి కాలిపోవును. నిత్యము వీధులలో ఆగి ఆగి నడచినచో అది పూడుకొనిపోయి మరమ్మతు ఖర్చు తెచ్చును.

ఇక లెక్క చూతము. డీజిలు బండి వెల పెట్రోలు బండి కంటె 80,000 రూపాయలు ఎక్కువ యనియు, కిలోమీటరుకు ఒక రూపాయి మిగులుననియు అనుకొందము. దినమునకు 20 కిలోమీటర్లు తిరుగు బండి ఆ సొమ్ము రాబట్టుటకు సుమారు 11 ఏండ్లు పట్టును! దినమునకు 100 కిలోమీటర్లు తిరిగినచో రెండేండ్ల రెండు మాసములు చాలును.

గ్యాసు బండి కొనదలచినవారు బంకు ఎంత దూరమున నున్నదో ముందు కొలువవలెను. గ్యాసు కొరకు ఖాళీ బండి పోయి వచ్చు దూరము కూడ ఖర్చే. సిలిండరును మూడేండ్ల కొకసారి విధిగా పరీక్ష చేయింపవలెను.

చిన్న ట్రక్కుకు ట్యాంకరు తగిలించి రెండు పనులు ఒక్క బండితో నెరవేర్చుకొందమను ఆశ వలదు. బరువును కదలించుట ఒక ఎత్తు, పల్లమున ఆపుట మరియొక ఎత్తు. నమోదు పత్రములో వ్రాసిన బరువును మించరాదు. సగము నిండిన ట్యాంకరులో నీరు మలుపుల వద్ద ఊగి బండిని తిరగవేయగలదు.

ట్యాంకరు పని ఏటికి రెండు నెలలే యున్నచో ట్రాక్టరును అద్దెకు తీసికొనుట లాభమేమో చూడుడు. వీధి దీపములకు, బ్లీచింగు పొడికి వెచ్చింపవలసిన సొమ్ము షెడ్డులో నిలిచియున్న బండికి పోరాదు. అట్లే చౌక యని చాలని బండి కొన్నచో ఎండకాలమున బిందెలు ఖాళీగా నుండును.

కావున తీర్మానమునకు ముందు ఒక నెల దినములు పుస్తకము పెట్టి, దినమునకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు, ఎన్ని ఆగుటలు అను లెక్క వ్రాయుడు. బంకు, మెకానికు ఎంత దూరమో చేర్చుడు. ఆ పుస్తకమును గ్రామసభ ముందుంచి నిర్ణయించుడు.