పిల్లల ఇంగ్లీషు హోంవర్కు – మనం చేయగలిగింది
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు సమగ్రంగా చెప్పారు కనుక, నాకిచ్చిన పది నిమిషాలూ వేరే విషయానికి వాడుకుంటాను. కొన్నేళ్ళుగా మా వీధి పిల్లలు సాయంత్రం పూట ఇంగ్లీషు హోంవర్కు పట్టుకొని మా అరుగు మీదికి వస్తున్నారు. 2022-23 విద్యాసంవత్సరం నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మంచిదే. కాని తల్లి మిషను కుడుతుంది, తండ్రి ఆటో నడుపుతాడు. సందేహం వస్తే అడగడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు? జీవితమంతా నోట్‌ఫైళ్ళు రాసిన మనం పక్కింట్లో ఖాళీగా ఉన్నాం.

వ్యాకరణంలో ఎక్కువగా వచ్చే ప్రశ్న 'సిన్స్', 'ఫర్'. తెలుగులో రెండింటికీ 'నుంచి' సరిపోతుంది: 2015 నుంచి, పదేళ్ళ నుంచి. అందుకే పిల్లవాడు 'సిన్స్ టెన్ ఇయర్స్' అని రాస్తాడు. తెలుగు బాగా వచ్చినవాడే ఆ తప్పు చేస్తాడు, కాబట్టి తిట్టకండి. నేను సర్వీసు రిజిస్టరు చూపి చెబుతాను: ఉద్యోగంలో చేరిన తేదీకి సిన్స్, చేసిన మొత్తం సర్వీసుకు ఫర్. వెంటనే పట్టుకుంటారు. రెన్ అండ్ మార్టిన్ పుస్తకంలో సూత్రం ఉంటుంది గాని మన 'నుంచి' ఉండదు. అది మనమే చెప్పాలి.

పాసివ్ వాయిస్‌లో మనకు తిరుగులేదు. ఎవరు నిర్ణయించారో తెలియకుండా ఉత్తర్వు వెళ్ళాలంటే అదే దారి కదా! అయితే సెలవు చీటీలో మాత్రం ఆఫీసు భాష దూర్చకండి. జ్వరమొచ్చిన ఆరో తరగతి పిల్ల 'ఐ యామ్ టు స్టేట్' అని మొదలుపెడితే టీచరు నవ్వుతారు.

వ్యాసాల దగ్గరే అసలు చిక్కు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు 'వర్షపు దినం' రాసివ్వమన్నాడు. గైడులో ఉంది: నల్లని మేఘాలు, కాగితపు పడవలు, వేడివేడి పకోడీలు. వాళ్ళ నాన్నది పంక్చర్ షాపు. వాన పడితే మీకేమవుతుందిరా అని తెలుగులోనే అడిగాను. రోడ్డు మీదికి మేకులు, గాజు పెంకులు కొట్టుకొస్తాయట, గిరాకీ పెరుగుతుందట, నాన్న పని చేస్తుంటే వీడు గొడుగు పట్టుకుంటాడట. అదే ఇంగ్లీషులో పెట్టమన్నాను. గంట పట్టింది, ఏడు వాక్యాలు వచ్చాయి. స్పెల్లింగులు దిద్దాను, వాక్యాలు ముట్టుకోలేదు. పరీక్షలో గైడు వ్యాసానికే మార్కులు ఎక్కువ పడొచ్చని వాళ్ళ నాన్న అన్నాడు. కాదనలేను. కాని గైడు కంఠతా పట్టినవాడు ప్రశ్న మారితే కలం కింద పెడతాడు. వీడు ఇంకో ఏడు వాక్యాలు రాస్తాడు. ఫోన్‌ను అడిగితే నిమిషంలో వ్యాసం వస్తుందని మా మనవడి వాదన. వస్తుంది, ఆ గొడుగు మాత్రం అందులో ఉండదు.

పై తరగతి అమ్మాయి ఒకతె వర్డ్స్‌వర్త్ రాసిన డాఫొడిల్స్ పద్యం తెచ్చింది. ఆ పువ్వును నేనూ చూడలేదు. తంగేడు పూసిన గుట్టను తలుచుకోమన్నాను. ఏటా బతుకమ్మ పేర్చే పిల్లకు పసుపుపచ్చ పూల రాశి గురించి వేరే చెప్పాలా! 1802 ఏప్రిల్ 15న ఆయన చెల్లెలు డొరొతీతో కలిసి అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను చూశాడు. ఆమె ఆ సంగతి డైరీలో రాసుకుంది. పద్యం 1807లో అచ్చయింది. అందులో మాత్రం తాను ఒంటరిగా తిరిగానంటాడు. "అయితే అబద్ధం కదా తాతయ్యా?" అందా పిల్ల. గైడులో దీనికి జవాబు లేదు. నీకేమనిపిస్తే అది రాయమన్నాను. చూసినప్పుడు ఇద్దరున్నా తలుచుకునేటప్పుడు ఒక్కడే కదా అని, రెండు రోజులకు రాసుకొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషే, కాని నాకు తోచని మాట.

మన సంఘ భవనంలో ముందు గది సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగానే ఉంటుంది. మంగళ, శుక్రవారాలు నేను వస్తాను. లెక్కలు చూడగల ట్రెజరీ మిత్రులు ఒకరిద్దరు పేరిస్తే మరీ మంచిది. బ్లాక్‌బోర్డు ఉంది, ట్యూబ్‌లైటు మార్పించాలి. ఆ ఖర్చు కార్యవర్గం మంజూరు చేస్తుందని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.