మెయింటెనెన్స్ ఆపకండి, లెక్క అడగండి



టాటానగర్‌లో మన తెలుగు కుటుంబాలు చాలామటుకు క్వార్టర్లలోనే కాలం గడిపాయి. రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతో కద్మాలోనో, సోనారీలోనో, మాంగోలోనో ఫ్లాటు కొంటాం. అసోసియేషన్‌తో పని అప్పుడే మొదలవుతుంది. లిఫ్టు పనిచేయదు, ఖర్చుల లెక్క చూపించరు. కోపం వచ్చి మెయింటెనెన్స్ ఆపేస్తాం. సరిగ్గా అక్కడే మన పక్షం బలహీనపడుతుంది.

ఈఎంఐలో తేడా ఉందని ఖాతాదారు వాయిదాలే మానేస్తే ఏమవుతుందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. 2016 నాటి రెరా చట్టం 19వ సెక్షన్ మెయింటెనెన్స్ వాటా కట్టడం కొన్నవారి బాధ్యతే అంటోంది. అందుకని డబ్బు కట్టి రసీదు తీసుకోండి. అభ్యంతరం ఉంటే ఆ మాట కాగితం మీద రాసివ్వండి. ఆడిట్ లెక్కలు, మీటింగ్ మినిట్స్ రాతపూర్వకంగా అడగండి.

పార్కింగ్ తగాదాలకు 2010 నాటి నహల్‌చంద్ కేసు తెలిసి ఉండాలి. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలమనీ, బిల్డరు దాన్ని విడిగా అమ్మకూడదనీ సుప్రీంకోర్టు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. జార్ఖండ్‌కు 2011 నాటి అపార్ట్‌మెంట్ చట్టం వేరే ఉంది. కాబట్టి ఇక్కడి వకీలుకు మీ సేల్ డీడ్, అసోసియేషన్ బైలాస్ రెండూ చూపించి అడుగు వేయండి.

అన్నిటికన్నా ముందు, జనరల్ బాడీ మీటింగుకి ఇంటికొకరు వెళ్లండి. కేసు ఎవరు గెలిచినా, రేపు అదే లిఫ్టులో ఎదురుపడాల్సినవాళ్లం.

సెలవు.