చేర్చుకోవడంతో సరిపోదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిధిని ఏం చేయాలనే చర్చ పొద్దుటి నుంచీ నడుస్తోంది. బాలల ఆశ్రమానికి కొత్త అంతస్తు వేద్దామని ఎక్కువమంది అన్నారు. ముప్పై ఏళ్లుగా కట్టడాల పనిలో ఉన్నవాణ్ణి కనుక నేనూ సరేనంటానని అనుకుని ఉంటారు. అంతకుముందు ఒక పాత సంగతి వినండి.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జార్జ్ ముల్లర్ అనే దైవసేవకుడు 1836లో ఒక అద్దె ఇంట్లో అనాథ బాలికలకు ఆశ్రమం తెరిచారు. ఆయన మనకు మరీ పరాయివారు కారు. ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట అదే ఏడాది మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరే నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు.

ముల్లర్ ఆశ్రమం పెరిగింది. పిల్లల సందడి ఎక్కువైందని 1845లో పొరుగాయన ఒకరు ఉత్తరం రాశారు. ఆడుకునే స్థలమూ చాలడం లేదు, మురుగూ సరిగా పోవడం లేదు. ముల్లర్ ఊరి అంచున యాష్‌లీ డౌన్‌లో స్థలం కొన్నారు. 1849లో మొదటి భవనం, 1870 నాటికి అయిదు భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు. చందా ఇమ్మని ఎవరినీ అడగకుండా, ప్రార్థననే నమ్ముకున్నారు. వచ్చినదానికీ ఖర్చయినదానికీ ఏటా లెక్క అచ్చువేసేవారు. 1898లో కన్నుమూసేనాటికి సుమారు 10,000 మంది పిల్లలు ఆ నీడన పెరిగారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ భవనాలు కాదు, పిల్లలను అక్కణ్ణించి పంపిన తీరు. మగపిల్లలను చేతిపని నేర్చుకోవడానికి యజమానుల దగ్గర కుదిర్చి, నేర్పినందుకు రుసుము ఆశ్రమమే కట్టేది. ఆడపిల్లలను ఇంకొన్నేళ్లు ఉంచి, ఉద్యోగం చూసి, బట్టలిచ్చి పంపేది.

తర్వాత కాలం మారింది. పిల్లలను చిన్న చిన్న ఇళ్లలో కుటుంబంలా పెంచడం మేలని తెలిసి, 1958లో ఆ భవనాలు అమ్మేశారు. అక్కడ నడిచిన టెక్నికల్ కాలేజీకి మహా ఇంజనీరు బ్రూనెల్ పేరు పెట్టారు.

ఇక మన సంగతి. నా క్లాసులో ఆశ్రమం పిల్లలు నలుగురు ఉండేవారు. ఇద్దరు లెక్కల్లో నాకంటే మెరుగు. పది పాసయ్యాక నాన్న నాకు పాలిటెక్నిక్ ఫీజు కట్టారు. విజయవాడలో మేనమామ ఇంట భోజనం. ఆ ఇద్దరికీ సీటు రావడం కష్టం కాదు. ఊళ్లో తిండి పెట్టే మేనమామే లేడు. వాళ్ల చదువు అక్కడే ఆగింది.

ఇప్పటికీ పద్దెనిమిది నిండితే ఆశ్రమం విడవాల్సిందే. ఆ తర్వాత కూడా ఆసరా ఇవ్వవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. కానీ అద్దె గదికి హామీ ఎవరు ఉంటారు? హాస్టల్ మూసేసిన పండగ సెలవుల్లో ఆ పిల్ల ఎక్కడికి వెళుతుంది?

అందుకే నా ప్రతిపాదన: ఈ నిధిని బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఆశ్రమం నుంచి బయటికొచ్చే ప్రతి బిడ్డకూ ఉద్యోగం దొరికేదాకా ఫీజు, గది అద్దె కడదాం. ఒక్కొక్కరికి మనలో ఒక కుటుంబం అండగా ఉండాలి. ఏటా పైసాతో సహా లెక్క అచ్చువేద్దాం. గోడ మీద మన పేర్లు ఉండవు. క్రిస్మస్‌కో సంక్రాంతికో ఓ కుర్రాడు సంచీ పట్టుకుని మన గుమ్మంలోకి వస్తాడు, అంతే.

తీర్మానం రాసి తెచ్చాను. మధ్యాహ్నం ఓటింగులో మీ మద్దతు కోరుతున్నాను.